బీరువా అద్దం మీద వాగ్దాన కార్డు

ప్రశ్న: అక్కా, వందనాలు. నాకు 27 ఏళ్లు, భీమవరం దగ్గర ఊరు, ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. పెళ్లయి మూడేళ్లు. మొన్న డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో, కొత్త సంవత్సరానికి దేవుని మాటగా పళ్లెంలోంచి తీసుకునే బైబిలు వచనం, అదే వాగ్దాన కార్డు, నాకు వచ్చింది ‘ఆయన సంతులేనిదానిని ఇల్లాలుగాను కుమాళ్ల సంతోషముగల తల్లిగాను చేయును’. ఏప్రిల్‌లో నెల తప్పింది. ఆగలేక రెండో నెలలోనే చర్చిలో సాక్ష్యం చెప్పేశాను. మే నెలలో, పదో వారం స్కానింగ్‌లో హార్ట్ బీట్ లేదన్నారు, డి అండ్ సి (గర్భసంచి శుభ్రం) చేశారు. అడ్మిషన్ల కోసం ఎండలో స్కూటీ వేసుకుని తిరిగావు, నువ్వే పోగొట్టుకున్నావు అంటోంది మా అత్తయ్య. మా చర్చి పాస్టరు అయ్యగారు ప్రార్థన చేయడానికి వచ్చి, దాచిన పాపం ఏదైనా ఉంటే ఒప్పుకోమన్నారు. మా అమ్మమ్మ వాళ్లు ఆర్‌సీఎం (రోమన్ కతోలికులు), బాప్తిస్మం లేని బిడ్డ ఎక్కడుందో అని ఆవిడ ఏడుపు. మా ఆయన అసలు ఆ మాటే ఎత్తడు. నాకు పాట రావడం లేదు, మోకరిస్తే ఒక్క మాట రావడం లేదు. ఆ కార్డు ఇంకా బీరువా అద్దం మీదే ఉంది. తీసేస్తే పాపమా? దేవుడు నన్ను మోసం చేశాడా అక్కా? డాక్టరమ్మ ఇచ్చిన డేట్ డిసెంబరు 18.

సమాధానం:

చెల్లీ, నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ముందు మీ అత్తయ్య మాట సంగతి చూద్దాం, ఎందుకంటే ఆ మాట నిజం కాదు, దాన్ని అలాగే గుండెలో ఉంచుకుని నువ్వు ఎంత బైబిలు చదివినా లోపల ముల్లు గుచ్చుతూనే ఉంటుంది.

స్కూటీ మీద తిరిగినందుకు కడుపు పోదు. బిందె ఎత్తినందుకు, మెట్లు ఎక్కినందుకు, బొప్పాయి ముక్క తిన్నందుకు, భర్తతో కలిసినందుకు, టెన్షన్ పడినందుకు మామూలుగా సాగుతున్న గర్భం పోదు. నెల తప్పిందని తెలిసిన గర్భాల్లో నూటికి 10 నుంచి 20 దాకా నిలబడవు, వాటిలో చాలా వరకు మొదటి మూడు నెలల్లోనే పోతాయి. అలా తొందరగా పోయిన వాటిలో దాదాపు సగానికి కారణం బిడ్డ క్రోమోజోముల లెక్కలో వచ్చిన తేడా. ఆ తేడా ఎక్కువగా తల్లి అండం, తండ్రి కణం కలిసే నాటికే వచ్చేసి ఉంటుంది, అంటే నువ్వు ఆ నెలలో స్కూటీ తాళం చేతిలోకి తీసుకోకముందే. నీ బిడ్డ విషయంలో కారణం ఇదేనని పరీక్ష చేయకుండా నేనూ చెప్పలేను, మీ అత్తయ్యా చెప్పలేదు, అయ్యగారూ చెప్పలేరు. కానీ నువ్వు చేసిన పని వల్ల కాదని మాత్రం గట్టిగా చెప్పగలను. వీలైతే తర్వాతి చెకప్‌కి అత్తయ్యను కూడా తీసుకెళ్లి, ఈ ప్రశ్న డాక్టరమ్మను ఆవిడ ముందే అడుగు. కోడలు చెప్తే వినని మాట తెల్లకోటు చెప్తే వింటారు, నేను చూశాను.

ఒళ్లు సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను, తర్వాత మర్చిపోతాను. నీ బ్లడ్ గ్రూప్ నెగటివ్ అయితే యాంటీ-డి ఇంజెక్షన్ ఇచ్చారో లేదో డిశ్చార్జి కాగితంలో చూసుకో, అందులో లేకపోతే డాక్టరమ్మకి ఫోన్ చేసి అడుగు, వచ్చే కాన్పుకి అది ముఖ్యం. ఇప్పటికీ జ్వరం వచ్చినా, వాసనతో తెల్లబట్ట అయినా, గంటకో ప్యాడ్ తడిసిపోయేంత బ్లీడింగ్ అయినా ఉపవాస ప్రార్థన అయ్యాక చూద్దాంలే అనుకోవద్దు, ఆ క్షణమే ఆసుపత్రికి వెళ్లు. ఇంకో మాట. గర్భస్రావం అయిన ఉద్యోగినికి 6 వారాలు జీతంతో సెలవు అన్నది 1961 నాటి చట్టం నుంచీ ఉన్న హక్కు. మీ స్కూల్లో ఎంతమంది పనిచేస్తారు, నువ్వు ఎన్నాళ్లుగా చేస్తున్నావు అన్న దాన్ని బట్టి అది నీకు వర్తించొచ్చు, మేనేజ్‌మెంట్‌ని రాతపూర్వకంగా అడుగు. అడ్మిషన్ల కోసం నిన్ను మే ఎండలో ఇంటింటికీ తిప్పినవాళ్లు ఆ మాట నోటితో చెప్పరు.

ఇప్పుడు అయ్యగారి మాట. ఆయన చెడ్డవారని నేను అనను. ఏం చెప్పాలో తెలియక, ఏదో ఒకటి చెప్పాలి కాబట్టి నోటికి అలవాటైన మాట చెప్పి ఉంటారు. కానీ పుట్టు గుడ్డివాడి దగ్గర శిష్యులు యేసును అడిగింది సరిగ్గా ఆ ప్రశ్నే కదా, ఎవరు పాపం చేశారు, వీడా, వీడి కన్నవారా అని? ‘వీడైనను వీని కన్నవారైనను పాపము చేయలేదు’ అన్నాడు ఆయన. యోహాను తొమ్మిదో అధ్యాయం. ఆ వాక్యం మీద అయ్యగారు కూడా ఎన్నోసార్లు ప్రసంగం చేసే ఉంటారు. దావీదు పాపానికి అతని బిడ్డ చనిపోలేదా అని నీకు ఎవరైనా చూపిస్తారేమో, అది ఒక్క రాజు కథ, నాతాను ప్రవక్త ఎదురుగా నిలబడి అతనికి చెప్పిన సంగతి. దాన్ని తీసుకొచ్చి భీమవరం పక్క ఊళ్లో పదివారాల బిడ్డను పోగొట్టుకున్న అమ్మాయి నెత్తిన పెట్టే అధికారం ఎవరికీ లేదు.

నిజానికి నీ ఉత్తరం చదువుతున్నంతసేపూ నాకు గుర్తొచ్చింది షూనేమీయురాలు, అంటే షూనేము ఊరి స్త్రీ. రెండో రాజుల గ్రంథం నాలుగో అధ్యాయం. మన చర్చిల్లో ఆమెను ఎలీషా ప్రవక్తకి మేడగది కట్టించి మంచం, బల్ల, దీపం పెట్టిన అమ్మగా చెప్తారు, సేవకులను ఆదరించండి అని చెప్పడానికి వాడతారు, అక్కడితో ఆపేస్తారు. ఆ తర్వాతి సగం చదువు. ఆమె బిడ్డ కావాలని అడగలేదు. వచ్చే ఏడు ఈ కాలానికి నీ కౌగిట బిడ్డ ఉంటాడని ప్రవక్తే చెప్పాడు, ఆమె భయపడి, నాతో అబద్ధం చెప్పొద్దయ్యా అంది. చూశావా, ఆమెకూ ఒక వాగ్దాన కార్డు వచ్చింది. బిడ్డ పుట్టాడు, పెరిగాడు, ఒకరోజు కోతకాలంలో పొలంలో తలనొప్పి అన్నాడు, మధ్యాహ్నం దాకా తల్లి ఒడిలో కూర్చుని చనిపోయాడు.

అప్పుడు ఆ తల్లి ఏం చేసింది? స్తుతి పాట పాడలేదు. దేవుని చిత్తం అనలేదు. గాడిద ఎక్కి కర్మెలు కొండకి పరుగెత్తింది. దారిలో ఎలీషా సేవకుడు గేహజీ ఎదురొచ్చి అందరూ సుఖమేనా అని అడిగితే సుఖమే అని ఒక్క ముక్క అనేసి దాటిపోయింది (చర్చి బయట ‘బావున్నావా’ అంటే నువ్వు చెప్పే జవాబు లాంటిదే అది, అబద్ధమని బాధపడకు, ఎవరితో మాట్లాడాలో ఆమెకు తెలుసు). తిన్నగా ఎలీషా దగ్గరికి వెళ్లి కాళ్లు పట్టుకుంది. గేహజీ తోసేయబోతే ఎలీషా వద్దన్నాడు. ఆమె ప్రాణం లోపల నలిగిపోతోంది, యెహోవా ఆ సంగతి నాకు చెప్పకుండా దాచాడు అన్నాడు. ఎలీషా అంతటి ప్రవక్త! కారణం నాకు తెలియదు అన్నాడు. నీకు కారణం చెప్పేసిన వాళ్లందరినీ ఈ ఒక్క మాట పక్కన పెట్టి చూసుకో.

అప్పుడామె అడిగింది: అయ్యా, కొడుకు కావాలని నేను నిన్ను అడిగానా? నన్ను భ్రమపెట్టవద్దని ఆనాడే చెప్పలేదా?

నువ్వు నన్ను అడిగిన ప్రశ్న ఇదే చెల్లీ. దేవుడు నన్ను మోసం చేశాడా అని. ఈ ప్రశ్న బైబిల్లోనే ఉంది, అడిగిన ఆమెను ఎవరూ గద్దించలేదు, విశ్వాసం తక్కువైంది అనలేదు. ఆమె కాళ్లు వదల్లేదు, అంతే. నిన్ను వదిలి నేను పోను అంది, అతను లేచి ఆమె వెంట నడిచాడు.

ఆ కథ చివర బిడ్డ లేచాడు. నీ బిడ్డ లేవలేదు, నా బిడ్డా లేవలేదు. దీన్ని నేను దాటేసి మాట్లాడితే నీకు నా మీద నమ్మకం పోతుంది, పోవాలి కూడా.

2006లో నాకు ఐదో నెలలో పోయింది. ఆసుపత్రి పేరు చెప్పను. బిడ్డను గుడ్డలో చుట్టి తీసుకెళ్లిపోయారు, చూస్తావా అని కూడా ఎవరూ అడగలేదు, అడగొచ్చని నాకూ తెలియదు. మూడో రోజు పాలు వచ్చాయి. ఒళ్లు ఎవరికోసం ఇలా చేస్తోందో అని గోడవైపు తిరిగి పడుకున్నాను. ఆ వారం మా ఇంటికి వచ్చిన వాళ్లలో ఒకరు ‘యెహోవా ఇచ్చెను యెహోవా తీసికొనిపోయెను’ అన్నారు, ఒకరు మళ్లీ పుడతార్లే అన్నారు, ఇంకొకరు చిన్నప్పుడే పోవడం నయం అన్నారు. ఒక్కరు, మా వీధి చివర ఉండే ముసలమ్మ, చర్చిలో ఎప్పుడూ వెనక బల్ల మీద కూర్చునేది, ఆవిడ వచ్చి ఏమీ మాట్లాడకుండా నా కాళ్లు నొక్కుతూ సాయంత్రం దాకా కూర్చుంది. బిడ్డలను పోగొట్టుకున్న యోబు దగ్గరికి వచ్చిన స్నేహితులు కూడా మొదటి ఏడు రోజులూ నేల మీద కూర్చుని నోరు తెరవలేదు, వాళ్లు చేసిన మంచిపని అదొక్కటే, నోరు తెరిచాక చెప్పిన కారణాలన్నిటికీ చివర్లో దేవుడే వాళ్ల మీద కోప్పడ్డాడు. ‘యెహోవా ఇచ్చెను’ అన్న ఆ మాట కూడా యోబు తన నోటితో తన గురించి అనుకున్నది, పక్కవాళ్లు అతనికి చెప్పింది కాదు. నీకు ఎప్పటికైనా ఆ మాట నీ నోట వస్తే రానీ. వేరేవాళ్లు నీ నోట్లో పెట్టకూడదు.

ఆ తర్వాత నాకు పిల్లలు పుట్టారా లేదా అన్నది ఇక్కడ రాయను. పుట్టారంటే నువ్వు దాన్నే పట్టుకుంటావు, లేదంటే దానికే భయపడతావు. ఒకసారి పోయినవాళ్లలో ఎక్కువమందికి తర్వాతి కాన్పు మామూలుగానే జరుగుతుంది, అది డాక్టర్లు చెప్పే నిజం, సంతోషమే. కానీ నా ఓదార్పు దాని మీద నిలబడలేదు. అది వచ్చింది వేరే చోటునుంచి, చాలా ఆలస్యంగా.

నీలాగే నాకూ నెలల తరబడి ప్రార్థన రాలేదు. మాది గుంటూరు లూథరన్ కుటుంబం, 1842లో లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరులో అడుగుపెట్టిన రోజుల సంగతులు మా తాతయ్య కథల్లా చెప్పేవారు. అంతకు సరిగ్గా 300 ఏళ్ల ముందు, 1542లో, మా లూథరన్ సంఘానికి ఆ పేరు వచ్చిన మార్టిన్ లూథర్ కడుపు పోయిన తల్లుల కోసమే ఒక చిన్న రాత రాశాడని నాకు పెద్దయ్యాక గానీ తెలియలేదు. అప్పటికే ఆయన ఎనిమిది నెలల కూతుర్ని పాతిపెట్టిన తండ్రి. ఆ తల్లులను భయపెట్టొద్దు, ఇది వాళ్ల నిర్లక్ష్యం వల్ల కాదు, దేవుడు వాళ్ల మీద కోపంగా ఉన్నాడని అనుకోనివ్వొద్దు అంటాడు. బాప్తిస్మానికి నోచుకోని బిడ్డ గురించి కూడా అక్కడే చెప్తాడు: ఆ బిడ్డను దేవుని దగ్గరికి తీసుకెళ్లాలని తల్లి గుండెలో ఉన్న కోరిక, మాటలు రాని ఆమె మూలుగు, అదే దేవుని చెవికి ప్రార్థన అని. రోమా పత్రిక ఎనిమిదో అధ్యాయంలో పౌలు రాసిన ‘ఉచ్చరింప శక్యముకాని మూలుగులు’ అన్నమాట అప్పటిదాకా నేను ఏదో పెద్ద భక్తుల సంగతి అనుకున్నాను. గోడవైపు తిరిగి పడుకున్న నాకే అది వర్తిస్తుందని తెలిశాక ఆ రోజు మొదటిసారి గట్టిగా ఏడ్చాను, ఏడుస్తుంటే ఎవరో వింటున్నట్టు అనిపించింది. అంతే జరిగింది. వెలుగు కనబడలేదు, స్వరం వినబడలేదు.

కాబట్టి నీకు మాట రాకపోతే మాట లేకుండానే కూర్చో. మోకరించక్కర్లేదు, మంచం మీద పడుకునే సరే. ఏదైనా చదవాలనిపిస్తే 88వ కీర్తన చదువు, అది చీకటితోనే ముగుస్తుంది, చివర్లో హల్లెలూయ లేదు, అయినా దాన్ని ఎవరూ బైబిల్లోంచి తీసేయలేదు.

అమ్మమ్మకి ఇది చెప్పు: వాళ్ల కతోలిక సంఘంలోనే 2007 ఏప్రిల్‌లో పోప్ బెనెడిక్ట్ 16 అనుమతితో ఒక పత్రం వచ్చింది, బాప్తిస్మం లేకుండా చనిపోయిన పసిబిడ్డలు రక్షణ పొందుతారని ఆశించడానికి బలమైన కారణాలు ఉన్నాయని చెప్తూ. అలాంటి బిడ్డలు పరలోకానికి వెళ్లక ఉండిపోతారని పూర్వం చెప్పుకున్న చోటు, లింబో అన్నది, వాళ్ల సంఘం ఎప్పుడూ నిర్ణయించిన సిద్ధాంతం కాదు. వాళ్ల ఫాదర్‌ని అడిగితే ఇంకా వివరంగా చెప్తారు, ఆ పెద్దావిడ ఏడుపు కూడా ఊరికే పోనివ్వకూడదు. ఇక నా నమ్మకం అడిగితే, నీ బిడ్డ దేవుని దగ్గర ఉంది. ‘నేను పిండమునై యుండగా నీ కన్నులు నన్ను చూచెను’ అన్నాడు కీర్తనకారుడు. స్కానింగ్ యంత్రం చూడకముందే చూసిన కళ్లు అవి. అందుకే నువ్వు సాక్ష్యం తొందరపడి చెప్పేశానని సిగ్గుపడకు. ఆ రోజు నువ్వు చెప్పింది నిజం, బిడ్డ ఉంది, నువ్వు అమ్మవే.

మీ ఆయన మాట్లాడడం లేదంటే బాధ లేదని అనుకోకు. మగవాళ్లకు మన ఇళ్లల్లో ఎవరూ ‘నీకెలా ఉంది’ అని అడగరు, అందరూ ‘అమ్మాయిని జాగ్రత్తగా చూసుకో’ అనే చెప్తారు. ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే ముడుచుకుపోతాడు, బండి మీద వెళ్తున్నప్పుడో, రాత్రి లైటు తీసేశాకో అడుగు, హార్ట్ బీట్ లేదన్నప్పుడు నువ్వేం అనుకున్నావు అని, ఆ ఒక్క ప్రశ్న. జవాబు వెంటనే రాకపోయినా వదిలెయ్, రెండు రోజుల తర్వాత వస్తుంది.

ఒక్కటి మాత్రం జాగ్రత్త. వారాల తరబడి నిద్ర లేకపోయినా, అన్నం సహించకపోయినా, నేనూ పోతే బావుండు అన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా దాన్ని ఆత్మీయ బలహీనత అని దాచుకోవద్దు. ఏలీయా ప్రవక్త బదరీ వృక్షం కింద కూర్చుని నా ప్రాణం తీసెయ్యి అన్నప్పుడు దేవదూత అతనికి వాక్యం చెప్పలేదు, రొట్టె పెట్టి నీళ్లిచ్చి మళ్లీ పడుకోనిచ్చాడు. 14416, టెలి మానస్, ప్రభుత్వం నడిపే ఉచిత ఫోన్, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడతారు. మందులు వాడాల్సి వస్తే వాడు.

ఇక డిసెంబరు. నువ్వు డేట్ చివర్లో ఒక్క ముక్కలో రాశావు కానీ నీ భయమంతా అక్కడే ఉందని నాకు అర్థమైంది. 18 అంటే ఊరంతా స్టార్లు కట్టి, రోజుకొక చోట సెమీ క్రిస్మస్ పెట్టి, సండేస్కూల్ పిల్లలు తొట్టిలో బొమ్మను పడుకోబెట్టి నాటిక వేసే వారం. ఇప్పుడే మీ అమ్మగారితో, అంటే అయ్యగారి భార్యతో, ఒంటరిగా మాట్లాడిపెట్టుకో. ఈ ఏడు నాటికకు పిల్లల్ని తయారుచేసే పని నాకు ఇవ్వొద్దని, నడుమ లేచి బయటికి వెళ్తే ఎవరినీ నా వెంట పంపొద్దని. నా తల మీద చెయ్యి పెట్టి పాపం గురించి ప్రార్థన చేయొద్దని కూడా ఆవిడ ద్వారానే అయ్యగారికి చెప్పించు, మర్యాదగా, కానీ స్పష్టంగా. ఆడపడుచు శ్రీమంతమో, ఎవరి బిడ్డనో చర్చిలో దేవునికి ప్రతిష్ఠించే ఆరాధనకో పిలిస్తే కానుక పంపి ఇంట్లో ఉండిపో, అది అసూయ కాదు. మత్తయి రాసిన క్రిస్మస్ కథలోనే, జ్ఞానులు వెళ్లిన వెంటనే, పిల్లలు లేనందున ‘ఓదార్పు పొందనొల్లక’ ఏడ్చే రాహేలు ఉంది. నాటికల్లో ఆ సీను ఎవరూ వేయరు. కానీ ఆమెకు ఆ కథలో చోటుంది, నీకూ ఉంది.

అంతకు ముందే, నవంబరు 2న, సమాధుల పండుగ వస్తుంది కదా. మనకు పాతిపెట్టిన చోటు లేదు. నేను ఏటా మా నాయనమ్మ సమాధికి సున్నం వేసి పూలు పెట్టి, ఆమెకు రెండు కొవ్వొత్తులు వెలిగిస్తాను, పక్కన ఇంకొకటి చిన్నది వెలిగిస్తాను. మొదట్లో ఎవరికని అడిగేవాళ్లు. చెప్పాను. ఇప్పుడు అడగరు, నేను రావడం ఆలస్యమైతే మా మరిది పిల్లలే అది వెలిగిస్తున్నారు.

కార్డు సంగతి. తీసేస్తే పాపం కాదు. నీళ్లలో పడేసినా పాపం కాదు. మా ఇంట్లోనూ వాగ్దాన కార్డులు ఉంటాయి, నేను ఆ అలవాటును తప్పుపట్టను, కానీ 113వ కీర్తనలోంచి ఒక్క వచనం కత్తిరించి, పళ్లెంలో కలిపి, ఒక అమ్మాయి చేతిలో పెట్టి, పైన ఈ సంవత్సరం అని రాస్తే, దేవుడు ఇవ్వని గడువు మనం పెట్టినట్టవుతుంది. ఆ కీర్తన చెప్పేది దుమ్ములో ఉన్నవాళ్లను చూడడానికి కిందికి వంగే దేవుడి గురించి. ఆయన నిన్ను మోసం చేశాడని నేను నమ్మను. కానీ నువ్వు ఆయన్నే అడుగు, నన్ను కాదు, షూనేమీయురాలు అడిగినంత గట్టిగా అడుగు. రోజూ తల దువ్వుకునేటప్పుడు కళ్ల ముందు ఉంటే గుచ్చుకుంటోంది కాబట్టి అద్దం మీదనుంచి తీసి, రెండో రాజులు నాలుగో అధ్యాయం దగ్గర బైబిల్లో పెట్టెయ్. ఎప్పుడో మళ్లీ తీయాలనిపిస్తే తీస్తావు.

డిసెంబరు 18 నా క్యాలెండర్‌లో రాసుకున్నాను. ఆ వారం నాకు ఒక ఉత్తరం రాయి, ఏమీ రాయాలని లేకపోతే ఖాళీ కాగితమే పంపు. బిడ్డకు మీ ఇద్దరూ ఏదైనా పేరు అనుకుని ఉంటే అది కూడా రాయి, నేను ఆ పేరుతోనే ప్రార్థన చేస్తాను.